సర్కారు ఆఫీసుల్లో కరెంటు ఆదా.. ఒక్క ఫ్యాన్ మారిస్తే ఎంత మిగులుతుంది? లెక్క ఇదీ!

ప్రభుత్వ ఆఫీసు, బడి, ఆస్పత్రి.. వీటి కరెంటు బిల్లు కట్టేది మన పన్నుల డబ్బుతోనే. దేశంలో ఎక్కువ కరెంటు బొగ్గు నుంచే వస్తోంది. అందుకే ఒక్కో యూనిట్‌కు సుమారు 700 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తోంది. మరి తగ్గించేదెలా?

ఫ్యాన్లు: పాత సీలింగ్ ఫ్యాన్ దాదాపు 75 వాట్లు లాగితే, బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు 30 వాట్లు చాలు. రోజుకు 8 గంటలు, ఏడాదికి 250 పనిదినాలు తిరిగితే ఒక్కో ఫ్యాన్‌పై 90 యూనిట్లు మిగులుతాయి. 100 ఫ్యాన్లున్న ఆఫీసులో 9,000 యూనిట్లు.. అంటే 6 టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ తగ్గినట్టే.

ఏసీలు: 24 డిగ్రీల దగ్గర పెట్టుకోవాలన్నది కేంద్ర సంస్థ బీఈఈ సూచన. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా.

పైకప్పు: తెల్లటి కూల్ రూఫ్ ఎండను వెనక్కి కొడుతుంది, లోపల వేడి తగ్గుతుంది. తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ ప్రభుత్వ భవనాలకు దీన్ని తప్పనిసరి చేసింది.

అన్నిటికంటే తేలికైన పని ఇంకోటుంది.. గదిలో ఎవరూ లేనప్పుడు స్విచ్ ఆపేయడం. దానికి టెండరు కూడా అక్కర్లేదు!