గట్టు తెగిన తప్పెవరిది?



మా పలాస ప్రాంతమున ఒకరి చెట్టు వేరొకరి సాలపై పడినను, ఒకరి గట్టు తెగి వేరొకరి చేను మునిగినను, మొదట రచ్చబండకు వచ్చు మాట యొక్కటే: "వస్తువు నీది గనుక నష్టము నీవే యిచ్చుకొనుము." వినుటకు ఇది న్యాయముగనే తోచును. కాని న్యాయస్థానము వేయు ప్రశ్న వేరు. బీమా మధ్యవర్తి పరీక్షకు చదువుచున్న నా మేనల్లుడు "మామా, అజాగ్రత్త యనగా నేమి?" అని టెక్కలి నుండి వచ్చి నన్నడిగినప్పుడు, నిర్వచనములు చెప్పక, ఒక పాత వ్యాజ్యపు కథ చెప్పితిని. దానినే మీకు విన్నవించెదను.

నేటి చిత్తూరు జిల్లాలోని కార్వేటినగరము ఆ కాలమున ఉత్తర ఆర్కాటు జిల్లాకు చేరిన జమీ. అచ్చటి చెరువులు ఎప్పటివో పురాతనములు. ఒకప్పుడు అసాధారణమైన వర్షము కురిసి రెండు చెరువులు తెగెను. ఆ వరద మద్రాసు రైల్వే కంపెనీ వారి దారిపై పడి దానిని పాడుచేసెను. కంపెనీ వారు జమీందారుపై నష్టపరిహారమునకు దావా వేసిరి. ఇచ్చట గెలువలేక లండనులోని ప్రీవీ కౌన్సిలు వరకు పోయిరి. తీర్పు 1874లో వచ్చెను.

కంపెనీ వారి బలమంతయు ఒక ఇంగ్లీషు తీర్పుపై నిలిచినది. లాంకషైరులో రైలండ్సు అను మిల్లు యజమాని నీటి మడుగు నొకటి కట్టించెను. అడుగున పాతబడిన గని గోతులున్న సంగతి అతడెరుగడు. 1860లో ఆ నీరు గోతులవెంట జారి, పొరుగున ఫ్లెచరు అనువాని బొగ్గుగనిని ముంచెను. తప్పిపోయిన యెడల కీడుచేయు వస్తువును తన భూమిపైకి తెచ్చి నిలిపినవాడు, తన తప్పు లేకున్నను నష్టము భరింపవలయునని 1868లో అచ్చటి ప్రభువుల సభ నిర్ణయించెను. మన రచ్చబండ మాటయు ఇంచుమించుగా ఇదియే గదా!

ప్రీవీ కౌన్సిలు వారు దానిని మన చెరువులకు అన్వయింపలేదు. మిల్లు మడుగు ఒకని లాభమునకు కట్టినది. మన చెరువు పంటకును ప్రజల ప్రాణములకును ఆధారము. జమీందారు దానిని వలదని పూడ్చివేయుటకు వీలులేదు. కాపాడుట అతని విధి. మద్రాసు రాజధానిలోని 14 జిల్లాలలోనే బాగున్న చెరువులు 43,000, శిథిలమైనవి 10,000 అను లెక్క ఆ తీర్పులో కనబడును. చట్టముచే అధికారమును విధియు పొందిన సంస్థల బాధ్యత యెట్టిదో, ఇతని బాధ్యతయు అట్టిదే యనిరి. ఇందొక వింత గలదు. వేల్సు దేశమున రైలింజను నిప్పురవ్వలకు ఒక తోట తగులబడగా, చట్టప్రకారము జాగ్రత్తతో నడపిన రైలు కంపెనీకి బాధ్యత లేదని 1860లో తీర్పయ్యెను. రైళ్లవారిని కాచిన న్యాయమే ఇచ్చట రైళ్లవారిని ఓడించినది!

దీనిని జమీందారు గెలుపని కొందరందురు. నాకు తోచినంతవరకు ఇది చెరువు గెలుపు. అతడు విడువబడినది వాన దేవుడిదని కాదు, గట్టు బాగుగ నుంచి, తగిన జాగ్రత్తలన్నియు తీసికొనెనని రుజువగుటచేత. గట్టున నీరు ఊరుచున్నదని తెలిసియు ఊరకున్నచో, అలుగు పూడినను తీయించకున్నచో, ఆ వానయే అతనిని కాపాడియుండదు.

ఇక మన ఉద్దానమునకు వత్తము. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను, గంటకు 140 మొదలు 150 కిలోమీటర్ల గాలితో, పలాస చెంతనే తీరము దాటినది. కొబ్బరి, జీడి, పనస తోటలు నేలకొరిగినవి. ఆరోగ్యముగ నున్న కొబ్బరిచెట్టు పొరుగువాని సాలపై పడినచో, చెట్టు యజమాని తప్పేమి? ఏమియు లేదు. చెట్టు మొదలు పురుగు తొలిచి డొల్లయైనది, పొరుగువాడు ముందే హెచ్చరించెను, యజమాని కొట్టించలేదు అనుకొనుడు. అప్పుడు విధియు కలదు, విధిలో లోపమును కలదు. అయినను వ్యాజ్యము ముగియలేదు. చుట్టునున్న గట్టిచెట్లన్నియు కూలినవేళ, "డొల్ల కాకున్నను ఇది పడియుండెడిదే" యని యజమాని వాదింపవచ్చును. ఆ లోపము వలననే ఆ నష్టము కలిగినదని చూపవలసిన భారము అడిగినవానిదే. మేనల్లుడు ఈ మెట్టువద్దనే చాలసేపు తడబడెను.

బీమా సంగతి యిచ్చటనే తెలియును. పరులకు కలిగిన నష్టమునకు చెట్టు యజమాని చేసిన బీమా, అతడు చట్టముచే బాధ్యుడైనప్పుడే చెల్లించును. అతని తప్పు లేనిచో సాల పోయినవానికి అందుండి పైసయు రాదు. తన సాలకు తానే బీమా చేసికొని యుండవలయును. ప్రీమియము పుచ్చుకొనుటకు ముందే ఈ భేదము చెప్పని మధ్యవర్తి నా లెక్కలో మధ్యవర్తి కాడు.

అపాయకరములైన పరిశ్రమల దారి వేరు. 1985లో ఢిల్లీలో విషవాయువు వెలువడినపిమ్మట, అట్టి పరిశ్రమవారు ఎంత జాగ్రత్తపడితిమన్నను తప్పించుకొనజాలరని 1986లో సుప్రీముకోర్టు తీర్పుచెప్పెను. అట్టి పదార్థములతో పనిచేయువారు బీమా చేయించుకొనవలయునని 1991లో చట్టము వచ్చెను. మోటారు వాహనములకు పరుల నష్టపు బీమా 1946 నుండియే విధిగా నున్నది.

వెళ్లబోవుచు మేనల్లుడు, "మా పొరుగువారి పనసచెట్టు మా యింటివైపు వంగియున్నది, ఏమి చేయుదును?" అని యడిగెను. "ముందు నెమ్మదిగా చెప్పుము. వినకున్నచో ఇద్దరు పెద్దల యెదుట, తేదీ వేసి, చీటీ వ్రాసి యిమ్ము. దాని నకలు నీ పెట్టెలో నుంచుకొనుము. అది లేనిచో, రేపు గాలి వీచినపిమ్మట అతడు 'నాకు తెలియదు' అనును" అని చెప్పి పంపితిని.