పైగాములు, పాయింట్ గార్డులు

అమెరికాలో హైస్కూల్ చివరి ఏడాది చదివే పదిహేడేళ్ల కుర్రాడి ఇంటికి ఇస్త్రీ కోటు వేసుకున్న ఓ పెద్దమనిషి వస్తాడు. సోఫాలో కూర్చుంటాడు. అమ్మ వండిన దాన్ని తారీఫ్ చేస్తాడు. నాన్నతో చదువు గురించి, నానమ్మతో ఆమె మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడతాడు. కుర్రాడి వైపు పెద్దగా చూడడు. ఫైసలా ఎవరి చేతిలో ఉందో ఆయనకు బాగా తెలుసు. మన ఇళ్లలో అయితే రిష్తా అడగడానికి వచ్చారంటాం. అక్కడ దాని పేరు రిక్రూటింగ్. వచ్చినాయన ఏదో యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ కోచ్. తెచ్చిన పైగాం స్కాలర్‌షిప్. ఫీజు, గది, తిండి అన్నీ మాఫ్, బదులుగా మా జట్టుకు ఆడాలి.

చికాగోలో, డల్లాస్‌లో ఉన్న మన ఖాందాన్ల పిల్లలు ఈ సంగతులు ఫోన్లో చెబుతుంటే ఇక్కడి నానీలు, దాదీలు 'అచ్ఛా బేటా' అని ఊరుకుంటారు. నిజానికి ఇది వాళ్లకే బాగా అర్థమయ్యే కథ. ఎవరు ఎవరిని ఎంచుకుంటారు, మాట ఇచ్చాక ఎవరు తప్పుకోవచ్చు, ఎవరు తప్పుకోకూడదు అన్నదే ఇందులో అసలు లెక్క. ఆ లెక్క మారిన తీరు ఒక్క పాయింట్ గార్డును పట్టుకుంటే చాలావరకు కనిపిస్తుంది.

ముందు పాయింట్ గార్డు ఎవరో చెప్పుకుందాం. జట్టుకు ఐదుగురు. బంతిని అవతలి సగంలోకి తీసుకెళ్లి, ఎవరికి ఎప్పుడు అందించాలో తేల్చేవాడు అతను. వలీమా దావత్‌లో బిర్యానీ తబక్ పట్టుకుని తిరిగేవాణ్ణి గుర్తు తెచ్చుకోండి. ఏ దస్తర్‌ఖాన్ మీద బోటీలు అయిపోయాయి, ఏ మూల బుజుర్గ్ ఖాళీ పళ్లెంతో కూర్చున్నారు, అన్నీ అతని కంట్లో పడాలి. తను మాత్రం ఆఖర్న తింటాడు. పాతకాలం కోచ్‌లు పాయింట్ గార్డు నుంచి కోరుకున్నది ఇదే. కోచ్ హుకుంను మైదానంలో నడిపించాలి, వడ్డించాలి, తన ఆకలి దాచుకోవాలి.

అందరూ అలాగే ఉండిపోలేదు. ఇండియానాపొలిస్‌లో నల్లజాతి పిల్లల కోసం విడిగా కట్టిన క్రిస్పస్ అటక్స్ స్కూలును ఆస్కార్ రాబర్ట్‌సన్ 1955లో, మళ్లీ 1956లో రాష్ట్ర చాంపియన్‌గా నిలబెట్టాడు. మొదటిసారి గెలిచినప్పుడు జట్టు జులూస్‌ను ఊరి నడిబొడ్డున ఎక్కువసేపు ఉండనివ్వకుండా నల్లవాళ్ల బస్తీలోని పార్కుకు మళ్లించారు. ఆ అవమానం ఆయన జీవితాంతం మరిచిపోలేదు. సిన్సినాటి యూనివర్సిటీకి ఆడి మ్యాచ్‌కు సగటున 33.8 పాయింట్లు చేశాడు. తర్వాత ఎన్‌బీఏలో పాయింట్ గార్డుగా వడ్డన, భోజనం రెండూ తనే చేసి చూపించాడు. అంతకన్నా పెద్ద పని అదాలత్‌లో చేశాడు. ఆటగాణ్ణి బతుకంతా ఒకే క్లబ్బుకు కట్టిపడేసే షరతు మీద 1970లో ఆయన పేరుతో దావా పడింది, 1976లో రాజీ కుదిరింది. ఎన్‌బీఏ ఆటగాడికి తన మర్జీతో క్లబ్బు మారే హక్ మొదలైంది అక్కడే. కాలేజీ పిల్లలకు ఆ హక్ అందడానికి ఇంకా నలభై అయిదేళ్లు పట్టింది.

ఆ రోజుల్లో దక్షిణాది యూనివర్సిటీలు చాలా వరకు నల్లజాతి కుర్రాళ్ల గడపే తొక్కేవి కావు. టెక్సస్‌లో మెక్సికో సరిహద్దును ఆనుకున్న ఎల్ పాసో ఊళ్లో టెక్సస్ వెస్టర్న్ అనే చిన్న కాలేజీ ఉండేది. అక్కడి కోచ్ డాన్ హాస్కిన్స్ డెట్రాయిట్ నుంచి, న్యూయార్క్ నుంచి, గ్యారీ నుంచి వేరేవాళ్లు వద్దనుకున్న పిల్లల్ని తెచ్చుకున్నాడు. 1966 మార్చి 19న ఫైనల్లో ఐదుగురు నల్లజాతి ఆటగాళ్లతో మ్యాచ్ మొదలుపెట్టాడు. అవతల అడాల్ఫ్ రప్ కోచింగ్‌లో అంతా తెల్లవాళ్లే ఉన్న కెంటకీ జట్టు. టెక్సస్ వెస్టర్న్ గార్డు బాబీ జో హిల్ ఆరడుగులు కూడా లేడు. మొదటి సగంలో వెంటవెంటనే రెండుసార్లు కెంటకీ గార్డుల చేతుల్లోంచి బంతి లాక్కుని రెండుసార్లూ బుట్టలో వేశాడు. 72-65తో గెలిచారు. హిల్ ఒక్కడే 20 పాయింట్లు. నల్లవాడు ఎగరగలడు, పరిగెత్తగలడు, ఆట నడిపే అకల్ మాత్రం అతనికి ఉండదు అన్న అహంకారం దేశమంతటా ఉన్న కాలమది. అందుకే ఆ రెండు బంతుల విలువ నాలుగు పాయింట్ల కన్నా ఎక్కువని నేను అనుకుంటాను. కెంటకీ మొదటి నల్లజాతి ఆటగాణ్ణి తీసుకుంది 1969లో.

ఇక మంగ్నీ సంగతి. 1964లో 'నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్' అనే కాగితం వచ్చింది. కుర్రాడు దస్కత్ పెడితే వేరే కాలేజీలు ఇక అతని వెంట పడకూడదు. వినడానికి బాగానే ఉంది. కానీ కుర్రాడు మనసు మార్చుకుంటే ఆట నుంచి తప్పించి కూర్చోబెడతారు. అతణ్ణి తెచ్చిన కోచ్ మాత్రం ఎక్కువ జీతం దొరికితే మర్నాడే వేరే ఊరెళ్లిపోవచ్చు. కాలేజీలో చేరాక మారాలన్నా ఒక ఏడాది బెంచీ మీద గడపాల్సిందే. మంగ్నీ అయ్యాక పిల్ల తరఫువాళ్లకే కట్టుబాట్లన్నీ ఉండి, పిల్లాడి తరఫువాళ్లకు ఏమీ లేకపోతే మన పెద్దలు ఏమంటారో మీరే ఊహించుకోండి.

వడ్డించే పాయింట్ గార్డు పరాకాష్ఠకు చేరింది నార్త్ కరోలినాలో. కోచ్ డీన్ స్మిత్ జట్టు ముందంజలో ఉంటే నలుగురిని నాలుగు మూలలకు పంపేవాడు. నడిమధ్య ఫిల్ ఫోర్డ్ బంతిని కొడుతూ, తప్పించుకుంటూ గడియారం కరిగిపోయేదాకా తిప్పేవాడు. ఇన్ని సెకన్లలో షాట్ వేయాలన్న నియమం అప్పుడు కాలేజీ ఆటలో లేదు. ఫోర్డ్ వెళ్లిపోయాక 1979 ఫిబ్రవరిలో డ్యూక్‌తో ఆడుతూ నార్త్ కరోలినా బంతిని అలాగే పట్టుకు కూర్చుంటే, 20 నిమిషాల మొదటి సగం డ్యూక్‌కు 7-0తో ముగిసింది. చూసేవాళ్లకు విసుగొచ్చింది. 1985-86లో 45 సెకన్ల గడియారం పెట్టారు. మరుసటి ఏడాది దూరం నుంచి వేస్తే మూడు పాయింట్లు అన్నారు. గడియారం 1993లో 35కు, 2015లో 30కి దిగింది.

ఈ రెండు నియమాలే పాయింట్ గార్డు తబక్ లాక్కుని, 'నువ్వూ కూర్చుని తిను' అన్నాయి. నిదానంగా వడ్డించే టైం లేదు. దూరం నుంచి గురి తప్పని చేతికి ఒక్కసారిగా ధర పెరిగింది.

సరిగ్గా అప్పుడే 1988లో మిసిసిపీ రాష్ట్రం గల్ఫ్‌పోర్ట్ నుంచి ఒక ఆరడుగుల కుర్రాడు ఎల్‌ఎస్‌యూకు వచ్చాడు. పేరు క్రిస్ జాక్సన్. టూరెట్ సిండ్రోమ్ ఉంది. ఒళ్లు తన మాట వినదు. షాట్ పడినా సరే, తన మనసుకు సరిగ్గా అనిపించేదాకా మళ్లీ మళ్లీ వేసేవాడు. ఆ తక్లీఫే అతని హునర్‌కు సాన పట్టింది. మొదటి ఏడాదే సగటున 30.2 పాయింట్లు, ఫ్లోరిడా మీద ఒక్క మ్యాచ్‌లో 53. పాయింట్ గార్డు ఇన్ని షాట్లు వేయడమేంటని గొణిగినవాళ్లున్నారు. ఈనాటి గార్డులను చూస్తే వాళ్లంతా అతని వెనకాల నడిచినట్టే ఉంటుంది.

1990లో డెన్వర్ జట్టు మూడో నంబర్‌గా తీసుకుంది. 1991లో అతను ఇస్లాం స్వీకరించాడు, 1993లో మహమూద్ అబ్దుల్ రవూఫ్ అయ్యాడు. 1995-96 సీజన్‌లో జాతీయ గీతానికి నిలబడనని, ఆ జెండా కొందరికి జుల్మ్ గుర్తు అని అన్నాడు. 1996 మార్చి 12న లీగ్ సస్పెండ్ చేసింది. మ్యాచ్‌కు దాదాపు 31,700 డాలర్ల జీతం కోత. కొన్ని రోజులకు మధ్యేమార్గం కుదిరింది. నిలబడతాడు, కానీ తల వంచి దువా చేసుకుంటాడు. ఆ వేసవిలోనే డెన్వర్ అతణ్ణి సాక్రమెంటోకు పంపేసింది. ముప్పై ఏళ్లు నిండకముందే ఎన్‌బీఏలో చోటు లేక టర్కీ వెళ్లి ఆడాడు. ఎల్‌ఎస్‌యూ అతని 35వ నంబర్ జెర్సీకి సలాం చేసింది 2020లో. అతని చేతిని కోరుకుని ఎంత మంది వచ్చారో లెక్క లేదు. నోరు తెరిచాక పక్కన నిలబడ్డవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

తర్వాతి మలుపు 2005లో. పందొమ్మిదేళ్లు నిండితేనే ఎన్‌బీఏ అన్నారు. దాంతో కాలేజీ ఒక ఏడాది ముసాఫిర్‌ఖానా అయింది. మెంఫిస్ కోచ్ జాన్ కాలిపరి అందరికన్నా ముందు దీన్ని పసిగట్టాడు. గార్డు నేరుగా బుట్ట మీదికి దూసుకెళ్లే పద్ధతి ఒకటి కాలిఫోర్నియా కోచ్ వాన్స్ వాల్‌బర్గ్ దగ్గర నేర్చుకుని, 'నా దగ్గర ఒక్క ఏడాది ఉండు, బంతి నీదే' అనే పైగాంతో ఇళ్లకు వెళ్లాడు. డెరిక్ రోజ్ వచ్చాడు, 2008లో ఫైనల్ దాకా తీసుకెళ్లాడు, నంబర్ వన్‌గా వెళ్లిపోయాడు. అతని ప్రవేశ పరీక్ష మార్కులు చెల్లవని తేలడంతో ఎన్‌సీఏఏ ఆ సీజన్ గెలుపులన్నీ రికార్డుల్లోంచి కొట్టేసింది. డ్యూక్‌లో కైరీ ఇర్వింగ్ కాలి గాయం వల్ల ఆడింది 11 మ్యాచ్‌లే, అయినా 2011లో అతనే నంబర్ వన్.

అదే రోజుల్లో పెద్ద కాలేజీలేవీ అడగని స్టెఫెన్ కరీ చిన్న డేవిడ్‌సన్‌లో చేరాడు. తండ్రి ఎన్‌బీఏ ఆటగాడే. తండ్రి చదివిన వర్జీనియా టెక్ కూడా స్కాలర్‌షిప్ లేకుండా వచ్చి చేరమంది. ఒంట్లో కండ లేదని అందరి బెంగ. 2008లో డేవిడ్‌సన్ దేశంలోని చివరి ఎనిమిది జట్లలో నిలిచినప్పుడు వడ్డించే పని జేసన్ రిచర్డ్స్‌ది, తినే పని కరీది. రిచర్డ్స్ చదువు అయిపోయాక కోచ్ బాబ్ మెకిలప్ తబక్ కూడా కరీ చేతికే ఇచ్చాడు. ఆ ఏడాది సగటు 28.6, దేశంలో అందరికన్నా ఎక్కువ.

డబ్బు మాట మిగిలింది. బూట్ల కంపెనీలు, దలాల్‌లు చాటుగా తిప్పిన సొమ్ము మీద 2017 సెప్టెంబర్‌లో ఎఫ్‌బీఐ పదిమందిని అరెస్టు చేసింది. వాళ్లలో నలుగురు అసిస్టెంట్ కోచ్‌లు. 2021లో ఆటగాళ్లు తమ పేరు మీద బాహాటంగా సంపాదించుకోవచ్చన్నారు, ఏడాది బెంచీ శిక్ష లేకుండా ఒకసారి కాలేజీ మారవచ్చన్నారు. 1964 నాటి మంగ్నీ కాగితాన్ని 2024లో చించేశారు. 2025-26 నుంచి ఒక్కో యూనివర్సిటీ తన ఆటగాళ్లకు ఏడాదికి దాదాపు రెండు కోట్ల డాలర్ల దాకా నేరుగా పంచవచ్చు. హక్ వచ్చింది, మంచిదే. కానీ ఇరవై రెండేళ్ల తయారైన గార్డు బజార్లో దొరుకుతుంటే పదిహేడేళ్ల పిల్లాడి కోసం సబర్ చేసే కోచ్ ఎక్కడ? ఆ ఇస్త్రీ కోటు పెద్దమనిషి ఇప్పుడు చాలా గడపలు తొక్కడం లేదు.

మర్జీ గురించి ఇంత చెప్పుకుంటూ బిల్కీస్ అబ్దుల్ ఖాదిర్‌ను మరిచిపోతే అన్యాయం. 1891లో ఈ ఆట పుట్టిన స్ప్రింగ్‌ఫీల్డ్ ఊళ్లోనే ఆమె పుట్టింది. ఎనిమిది మంది పిల్లల్లో ఆఖరిది, ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు. హిజాబ్ కట్టుకుని, చేతులు, కాళ్లు కప్పుకుని ఆడుతూ హైస్కూల్లో 3,070 పాయింట్లు చేసి మసాచుసెట్స్ రాష్ట్ర రికార్డు బద్దలు కొట్టింది. మెంఫిస్ యూనివర్సిటీ స్కాలర్‌షిప్ ఇచ్చింది. అమెరికా కాలేజీల పై అంతస్తు అయిన డివిజన్ 1లో హిజాబ్‌తో ఆడిన మొదటి అమ్మాయిగా ఆమెనే చెప్పుకుంటారు. మోకాలి గాయం వల్ల ఒక ఏడాది పోయింది. ఆఖరి సీజన్ ఇండియానా స్టేట్‌కు పాయింట్ గార్డుగా ఆడింది. కాలేజీ ఆట ఆమె దుపట్టాను ఎక్కడా అడ్డుకోలేదు.

2014లో యూరప్‌లో ప్రొఫెషనల్‌గా ఆడాలనుకుంటే అంతర్జాతీయ సమాఖ్య ఫిబా నియమం అడ్డొచ్చింది. తల మీద ఏదీ ఉండకూడదు. ఆ ఏడాదే చైనాలో ఆసియా కప్ ఆడుతున్న మన భారత జట్టు సిక్కు ఆటగాళ్లతో తలపాగాలు తీయించారు. ఇంచియాన్ ఆసియా క్రీడల్లో ఖతర్ అమ్మాయిలు హిజాబ్ తీయం అని మ్యాచ్ వదులుకుని వెళ్లిపోయారు. బిల్కీస్ సంతకాలు సేకరించింది, ఉత్తరాలు రాసింది, ఎదురుచూసింది. 2017 మేలో ఫిబా నియమం మార్చింది. అప్పటికి ఆమెకు ఇరవై ఆరేళ్లు, ఆడక మూడు సీజన్లు దాటిపోయాయి.