కలుగు పక్కన రెండు బ్యాటరీలు

తీగలు లేకుండా రేడియో ద్వారా కొలతలు పంపుకొనే చిన్న పరికరాల సముదాయాన్ని వైర్‌లెస్ సెన్సర్ నెట్‌వర్క్ అంటారు. దాని ఆయుష్షు చాలావరకు బ్యాటరీల ఆయుష్షే. ఆ బ్యాటరీ దేనికి ఖర్చవుతుందన్న ప్రశ్నకు జవాబు 2000–2004 మధ్య నాలుగేళ్లలోనే మారుతూ వచ్చింది.

మొదట నేరమంతా పంపడం మీద మోపారు. దూరం పెరిగేకొద్దీ రేడియో సంకేతానికి పట్టే శక్తి కనీసం ఆ దూరపు వర్గం చొప్పున పెరుగుతుంది గనుక, 2000లో ఎంఐటీకి చెందిన వెండీ హైన్‌జెల్‌మన్, అనంత చంద్రకాసన్, హరి బాలకృష్ణన్ 'లీచ్' అనే పద్ధతిని ప్రతిపాదించారు. అందులో పరికరాలు గుంపులుగా ఏర్పడి తమ కొలతలను గుంపు పెద్దకు మాత్రమే అందిస్తే, ఆ పెద్ద వాటిని కుదించి దూరాన ఉన్న కేంద్రానికి చేరవేస్తుంది. పెద్దరికం బరువైన పని కాబట్టి ఏ ఒక్కదాని బ్యాటరీ ముందుగా అడుగంటకుండా దాన్ని వంతులవారీగా మారుస్తారు.

కాకతాళీయంగా, ఆ తర్వాత ఇలాంటి నెట్‌వర్క్‌కు అసలు పరీక్ష జరిగిన చోటి పక్షి పేరూ లీచే. అమెరికాలోని మెయిన్ తీరానికి ఆవల 237 ఎకరాల గ్రేట్ డక్ ఐలండ్‌లో 'లీచెస్ స్టార్మ్ పెట్రెల్' అనే సముద్రపక్షి నేలలో కలుగు తవ్వుకొని గుడ్డు పొదుగుతుంది. మనిషి అలికిడి ఎక్కువైతే గూడు విడిచిపోయే ప్రమాదముంది. అందుకే 2002 వేసవిలో బర్క్లీ పరిశోధకులు, కాలేజ్ ఆఫ్ ది అట్లాంటిక్‌తో కలిసి, కలుగుల లోపల, బయట 32 'మోట్'లను, అంటే సెన్సర్లు, ప్రాసెసర్, రేడియో ఒకటిగా అమర్చిన అరచేతిలో ఇమిడే పరికరాలను ఉంచారు. ఒక్కోదానికి పెన్సిల్ బ్యాటరీలు రెండు. వాటితో తొమ్మిది నెలలు గడవాలంటే రోజు బత్తెం 8 మిల్లీ ఆంపియర్ అవర్లకు కాస్త పైన మాత్రమే. రేడియో తెరిచి ఊరికే వింటూ కూర్చుంటే అది రెండు గంటలు తిరక్కముందే హరించుకుపోతుంది. అందువల్ల ఆ మోట్లు దాదాపు ఎప్పుడూ నిద్రపోతూ, మధ్యమధ్య లేచి కొలత పంపి మళ్లీ పడుకునేవి. బ్యాటరీ లెక్క ఎంత జాగ్రత్తగా కట్టినా, పెట్టెల్లోకి చేరిన తేమ కొన్ని మోట్ల ప్రాణం తీసిందన్నది వేరే సంగతి.

ఎవరైనా పిలుస్తారేమోనని రేడియో తెరిచి కాచుకోవడానికి అయ్యే ఖర్చునే 'ఐడిల్ లిజనింగ్' అన్నారు. 2002లోనే వీ యే, జాన్ హైడెమన్, డెబోరా ఎస్ట్రిన్ రూపొందించిన 'ఎస్-మ్యాక్' పద్ధతి ప్రకారం ఇరుగుపొరుగు పరికరాలు ముందే కూడబలుక్కొని ఒకే వేళకు మేలుకొంటాయి. శక్తి మిగిలినా, నిద్రవేళకు చిక్కిన సందేశం ఆలస్యమవుతుంది. ఆ దీవి ప్రయోగంలో పాల్గొన్న జోసెఫ్ పోలాస్ట్రే, డేవిడ్ కల్లర్, జేసన్ హిల్‌తో కలిసి 2004లో తెచ్చిన 'బి-మ్యాక్' ఆ కూడబలుకు కూడా అక్కర్లేదంది. ప్రతి పరికరమూ తనకు వీలైన వేళ రెప్పపాటు లేచి గాలిలో సంకేతం ఉందో లేదో చూసి, లేకుంటే పడుకుంటుంది. సందేశం పంపదలచినది మాత్రం అందుకునేదాని రెండు మేలుకొలుపుల మధ్య వ్యవధి అంతా నిండేటంత పొడుగు ముందుకూత కూయాలి. ఆ విధంగా వినడంలో మిగిల్చిన శక్తిలో కొంత, తిరిగి పంపేవాడి పద్దులోనే పడింది.