పట్టుకు పిడికిలి సమాధానమా?

ఇటీవల ఒక పనిమీద యానాం వెళ్లినప్పుడు, ఒక సాయంకాలము గౌతమి గట్టున కొంతసేపు కూర్చున్నాము. పక్కనే నలుగురు కుర్రవాళ్లు సెల్‌ఫోను చుట్టూ మూగి, విదేశములలో జరుగు మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీ నొకదానిని చూచుచున్నారు. గుద్దులు, తన్నులు, కుస్తీపట్లు అన్నియు చెల్లు పోటీ అది. ఒక యోధుడు తల వంచి ఎదుటివాని కాళ్లు పట్టబోయినాడు. ఎదుటివాడు మోకాలితో ముఖముపై కొట్టినాడు. వంగినవాడు మరి లేవలేదు. కుర్రవాళ్లు కేరింతలు కొట్టినారు.

వారిలో ఒకని పెదవిపై కుట్లు కనబడినవి. ఏమైనదని అడుగగా సిగ్గుపడుచు చెప్పినాడు. ఇదే ఎత్తును స్నేహితునితో ఇసుకలో అభ్యసించినాడట. తాను మోకాలు ఎత్తిన క్షణముననే ఆ స్నేహితుడు రెండవ కాలు లాగివేయగా, బోర్లపడి పెదవి చిట్లినదట. చెప్పి ఊరకున్నాడా? "అయినా అడుగుతానండీ, కాళ్ల మీదకొచ్చేవాడికి మోకాలితో ఒక్కటిస్తే చాలదాండీ? ఇంక కుస్తీ ఎందుకండీ?" అన్నాడు.

పట్టు గొప్పదా, దెబ్బ గొప్పదా అను ఈ తగవు నిన్నటిది కాదు. దాని చరిత్రను కొంత శ్రోతల ముందుంచవలెనని మా కోరిక.

భాగవతము దశమ స్కంధము తెలుగువారి ఇండ్లలో తెలియనివారు అరుదు. కంసుని రంగస్థలముననే ఈ తగవు రెండు విధములుగ తీరినది. చాణూరుడు రెండు పిడికిళ్లు బిగించి కృష్ణుని వక్షమున పొడిచినాడు. కృష్ణుడు చలింపక ఆ చేతులనే పట్టి, గిరగిర త్రిప్పి నేలకు వేసినాడు. అచట దెబ్బను పట్టు గెలిచినది. ఆ పక్కనే ముష్టికుడు బలరాముని గుద్దగా, బలరాముడు అరచేతి దెబ్బతోనే వానిని కూల్చినాడు. అచట దెబ్బకు దెబ్బయే సమాధానమైనది. మల్లరంగమున పట్టును పిడికిలిని వేరుచేయవలెనను తలంపు నాటివారికి లేదని దీనివలన తెలియును.

పురాణము నుండి చరిత్రకు వత్తము. శ్రీకృష్ణదేవరాయల కాలమున, 1520 ప్రాంతమున విజయనగరము వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ మహానవమి ఉత్సవములలో మల్లుల పోరు కన్నులార చూచినాడు. తన దేశపు కుస్తీవలె లేదని ఆశ్చర్యపడినాడు. పండ్లు రాలునట్లు, కన్నులు పోవునట్లు గుద్దులాడుకొనిరనియు, ఒకరినొకరు చక్కగ పడవేసికొనిరనియు వ్రాసినాడు. కొందరిని మాట పడిపోయిన స్థితిలో మిత్రులు మోసికొనిపోయిరట. కొన్నేండ్లకు వచ్చిన నూనిజ్ చేతులలో ములుకుల కడియములు ధరించి కొట్టుకొను మల్లులను గూర్చి చెప్పినాడు. మైసూరు దసరాలో నేటికిని జరుగు వజ్రముష్టి పోరు ఆ కోవలోనిదే.

కాలక్రమమున ఈ రెండు విద్యలు విడిపోయినవి. కుస్తీ గోదాలో గుద్దుట నిషిద్ధమైనది. ముష్టియుద్ధమున పట్టుకొనుట తప్పైనది. మన డెల్టాలో అమలాపురము దసరా ఊరేగింపులందు నేటికిని కనబడు చెడీ తాలింఖానా కత్తిసామును, కర్రసామును మాత్రము నిలుపుకొన్నది. ఒకరి విద్య ఒకరికి తెలియనప్పుడు ఎవరి విద్య వారికి గొప్పగ తోచుట సహజము.

ఆ గొప్పతనమునకు పరీక్ష జరిగిన చోటులలో ఫ్రాన్సు ఒకటి. 1731 నుండి 1954 జూన్ 13న విమోచనము పొందువరకు, మధ్య ఆంగ్లేయుల చేతికి చిక్కిన కాలము తప్ప, యానాంపై ఎగిరిన జెండా ఆ దేశమునదే. ఫ్రెంచివారికి 'సవాత్' అను తన్నుల విద్య కలదు. ఆ మాటకు పాతచెప్పు అని అర్థము. పందొమ్మిదవ శతాబ్దమున ఛార్లెస్ లకూర్ అను గురువు ఆంగ్ల ముష్టియోధుడు ఓవెన్ స్విఫ్ట్ చేతిలో ఓడినాడు. ఓడి అలుగక, ఆ ఆంగ్ల పద్ధతినే నేర్చి తన తన్నులకు జోడించినాడు. సవాత్ అట్లు పెద్ద విద్యయైనది.

1905 అక్టోబరు 26న పారిస్ సమీపమున కూర్బవోయ్ యందు ఆ విద్యకు పరీక్ష వచ్చినది. ఒకవైపు జార్జ్ దుబ్వా, ఖడ్గవిద్యా గురువు, ముష్టియోధుడు. రెండవవైపు జపానీయుల జుజుత్సు నేర్చివచ్చిన రే-నియే. దుబ్వా కాలు విసరినాడు. రే-నియే తప్పుకొని, లోనికి దూరి, నడుము పట్టి పడవేసి, చేయి మెలిపెట్టినాడు. అర నిముషమైనను పట్టలేదు. దుబ్వా ఓటమి నంగీకరించినాడు.

ఎనుబది ఎనిమిదేండ్ల తరువాత అదే కథ మరల నడచినది. 1993 నవంబరు 12న అమెరికాలోని డెన్వర్ నగరమున తొలి యు.ఎఫ్.సి. పోటీ జరిగినది. తుదిపోరులో సవాత్ ప్రవీణుడు, డచ్చివాడు గెరార్డ్ గోర్డోను బ్రెజిల్ దేశీయుడు రాయిస్ గ్రేసీ పడవేసి, మెడ బిగించి రెండు నిముషములలోపుననే లొంగదీసినాడు.

ఇట్లేల జరిగినది? తన్నువాడు ఒంటికాలిపై నిలుచును. ఆ కాలు కదలినచో వాని బలమంతయు గాలిలో కలియును. గౌతమి గట్టున మన కుర్రవాని పెదవి చిట్లిన కారణమును అదియే.

అయినచో పట్టుకు దెబ్బతో సమాధానమే లేదా? కలదు, అయితే అది పట్టు నేర్చినవారికే దక్కినది. 1997 జూలైలో కిక్‌బాక్సింగ్ యోధుడు మారిస్ స్మిత్, ఒలింపిక్ మల్లుడు మార్క్ కోల్‌మన్‌తో తలపడినాడు. కోల్‌మన్ పడవేసినాడు. స్మిత్ బెదరలేదు, క్రింద పడినప్పుడు కాచుకొను విద్య అతడు ముందే అభ్యసించియున్నాడు. కోల్‌మన్ అలసిన తరువాత లేచి, తన్నులతో గుద్దులతో 21 నిముషముల పోరు గెలిచినాడు. 2001లో క్రొయేషియా వాడు మిర్కో ఫిలిపోవిచ్, కాళ్లకై దూకిన జపాను మల్లుడు ఫుజితా ముఖమునకు మోకాలు ఎదురొడ్డినాడు. గాయము తీవ్రమై 39 సెకండ్లలో ఆట ఆపివేసినారు. 2019 జూలై 6న మాస్విదల్ ఎగిరి కొట్టిన మోకాటి దెబ్బకు, బీజింగ్ ఒలింపిక్స్‌లో కుస్తీ పట్టిన ఆస్క్రెన్ 5 సెకండ్లలో స్పృహ తప్పినాడు. యు.ఎఫ్.సి. చరిత్రలో అంతకన్న శీఘ్రమైన విజయము లేదు.

ఆ 5 సెకండ్లను మాత్రము చూచినవాడు మోసపోవును. కాళ్లు పట్టవచ్చువాడు ముందు భుజములు దించును. అంతటితో తల మోకాటి ఎత్తునకు వచ్చును. ఆ క్షణమునకు ముందే కాలెత్తినచో కాలు వాని చేత చిక్కును. ఆలస్యమైనచో నడుమే చిక్కును. అందుచేత తెలిసినవాడు మొదట తన కాళ్లను వెనుకకు విసరి, నడుము క్రిందికి దింపి, ఎదుటివాని మెడపై తన బరువు మోపును. దీనినే స్ప్రాల్ అందురు. పట్టు ఆగిన పిమ్మట దెబ్బ. ఈ మొదటి పని కుస్తీవారిదే. రెండవది మాత్రమే ముష్టియోధునిది.

దెబ్బకును హద్దులు కలవు. ప్రస్తుతము అధిక భాగము పోటీలలో పాటించు నియమముల ప్రకారము, నేలపై నున్నవాని తలను మోకాలితో కొట్టరాదు. తల వెనుకభాగమును, వెన్నెముకను ఎన్నడును కొట్టరాదు. మోచేతిని నిట్టనిలువుగ దించి పొడుచుటపై చిరకాలముగ నున్న నిషేధము మాత్రము 2024 నవంబరు 1 నుండి తొలగినది. తలకు తగులు దెబ్బ పెదవి గాయమువంటిది కాదు. మెదడునకు కుట్లు వేయువారు లేరు.

ఇవన్నియు ఆ సాయంకాలము ఆ కుర్రవానికి క్లుప్తముగ చెప్పినాము. కొంతసేపు మాటాడక, "అయితే ముందు పడడం నేర్చుకోవాలన్నమాటండీ" అన్నాడు. గురువు దగ్గర, పరుపుపై, పంటికి కవచము పెట్టుకొని నేర్చుకొమ్మన్నాము. తాను ఓడిన విద్యనే నేర్చిన లకూర్ చేసినదియు, కాచుకొనుట నేర్చి నిలిచిన స్మిత్ చేసినదియు అదియే. కుర్రవాడు తన కాలు లాగిన స్నేహితుని భుజముపై చేయి వేసి, "ఆ లాగడం ఎలాగో రేపు నాకు చూపించరా" అన్నాడు. ఆ మాట విని సంతోషముతో బస్సు కొరకు లేచినాము.