మారుపేరే ఇంటిపేరైంది

స్ఫోర్జా మొదట ఇంటిపేరు కాదు. ఇటలీలో రొమాన్యా ప్రాంతపు కొటిన్యోలా ఊళ్లో 1369లో పుట్టిన ముత్సియో అత్తెందోలోకు సైన్యంలో పడిన మారుపేరు. బలం, మొండిపట్టు అన్న అర్థం అందులో ఉంది. వాళ్లది పొలాలున్న కుటుంబం. సిపాయిల్లో చేరాలా వద్దా తేల్చుకోలేక ఆ కుర్రవాడు గొడ్డలిని చెట్టు మీదికి విసిరాడట. అది చెట్టుకే చిక్కుకుపోవడంతో వాళ్ల వెంట వెళ్లిపోయాడట. కథే కావచ్చు. ఆ వంశం మొదలైంది పొలంలోనన్న మాట మాత్రం నిజం.

అప్పట్లో ఇటలీ నగరాలు జీతానికి యుద్ధం చేసే దళపతులతో ఒప్పందాలు రాసుకునేవి. ముత్సియో వాళ్లలో పేరు మోశాడు. 1424 జనవరిలో పెస్కారా నది దాటుతూ, కొట్టుకుపోతున్న పరిచారక బాలుణ్ణి అందుకోబోయి తానే మునిగిపోయాడు. శవమైనా దొరకలేదు. ఆ ఇంట్లో ఇంత మంచి చావు ఇంకెవరికీ రాలేదని నాకనిపిస్తుంది.

మారుపేరును ఇంటిపేరుగా నిలబెట్టినవాడు కొడుకు ఫ్రాంచెస్కో. 1441లో మిలాన్ డ్యూక్ కూతురు బియాంకా మరియా విస్కోంతిని పెళ్లాడాడు. 1447లో మామ మగసంతానం లేకుండా పోయాడు. మిలాన్ జనం గణతంత్రం ప్రకటించుకుని, కాపలాకు ఆ అల్లుణ్ణే జీతానికి పెట్టుకున్నారు. అతను చివరికి ఆ నగరాన్నే ముట్టడించాడు. ఆకలికి తాళలేక 1450లో ఊరు లొంగిపోయింది. సైనికులు రొట్టెలు మోసుకుంటూ లోపలికి వచ్చారు. దాన్ని దయ అనడానికి నాకు మనసొప్పదు, ఆ ఆకలి తెచ్చిపెట్టినవాడూ అతనే. అయితే 1456లో పేదరోగుల కోసం మిలాన్‌లో పెద్దాసుపత్రికి పునాది వేయించిందీ అతనే.

అతని కొడుకు లుదోవికో లియొనార్డో డావిన్సీ చేత 'చివరి విందు' చిత్రం గీయించాడు. తండ్రి జ్ఞాపకార్థం కంచు గుర్రం కూడా పోయించాలనుకున్నాడు. 1494లో ఆ కంచు ఫిరంగులకు పోయింది. 1499లో మిలాన్‌ను పట్టుకున్న ఫ్రెంచి విలుకాళ్లు గుర్రపు మట్టి నమూనా మీద బాణాలు వేసి గురి చూసుకున్నారు. లుదోవికో 1508లో ఫ్రాన్స్‌లోని లోష్ కోటలో ఖైదీగా చనిపోయాడు. తర్వాత మిలాన్ మళ్లీ స్ఫోర్జాల చేతికి వచ్చినా, 1535లో అతని కొడుకు వారసులు లేకుండా పోవడంతో మిలాన్ ఐదో చార్లెస్ చక్రవర్తి చేతిలో పడింది.

ముత్తాత ముత్సియో మొండితనం నాకు కనిపించేది మాత్రం ఆ ఇంటి ఆడపడుచు కతెరీనాలో. చెసారే బోర్జా సేనలు ఆమె ఏలుతున్న ఫోర్లీ మీద పడితే కోటలో నిలిచి పోరాడి, 1500 జనవరిలో పట్టుబడింది. ఆమె మనవడు కొసిమో మెదిచి తర్వాత తస్కనీకి తొలి గ్రాండ్ డ్యూక్ అయ్యాడు.