టర్బోకు ముందా, తర్వాతా? ఎగ్జాస్ట్ వేడిని కొలిచే చోటు మారిన తీరు

టర్బో ఇంజన్‌లో ఎగ్జాస్ట్ వేడిని కొలిచే సెన్సర్ ఎక్కడుండాలన్న దాని మీద ఒక కథ స్థిరపడిపోయింది. పాతకాలపు మెకానిక్కులు భయంకొద్దీ దాన్ని టర్బైన్ దాటాక పైపులో బిగించారట. ఎలక్ట్రానిక్స్ వచ్చాక అది టర్బైన్‌కు ముందు, మానిఫోల్డ్‌లోకి చేరిందట. వినడానికి బాగానే ఉంది కానీ, ఏది ముందు జరిగిందో ఏది తర్వాత జరిగిందో సరిచూస్తే నిలవదు.

మొదటి అధ్యాయాలు అందరికీ తెలిసినవే. రెండు లోహాల అతుకుల మధ్య వేడి తేడా చూపే ప్రభావాన్ని 1821లో జీబెక్ గమనించాడు, ఈ సెన్సర్ పనిచేసేది దాని మీదే. ఎగ్జాస్ట్‌తో గాలిని కుదించే ఏర్పాటుకు 1905లో స్విస్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి పేటెంట్ కోరాడు. 1918లో శాన్‌ఫర్డ్ మాస్ లిబర్టీ విమాన ఇంజన్‌కు టర్బో తగిలించి, కొలరాడోలోని పైక్స్ పీక్ శిఖరం మీద, 14 వేల అడుగుల ఎత్తున పరీక్షించాడు.

చోటు గురించిన అసలు ఆలోచన చిన్న విమానాల దగ్గర పదునెక్కింది. అక్కడ ఎగ్జాస్ట్ వేడి మీటరును ప్రచారంలోకి తెచ్చినవారిలో ఆల్కార్ సంస్థకు చెందిన ఆల్ హుండేర్ ముఖ్యుడు. ఆ మీటర్ల ముఖం మీద అసలు ఉష్ణోగ్రత అంకెలే ఉండేవి కావు. గీతకూ గీతకూ 25 ఫారన్‌హీట్ డిగ్రీల తేడా, అంతే. పెట్రోలు తగ్గిస్తూ పోతే వేడి ఒక శిఖరానికి చేరి మళ్లీ దిగుతుంది. పైలట్‌కు కావలసింది ఆ శిఖరానికి తాను ఎంత దూరంలో ఉన్నాడన్నదే. అందుకే ఎగ్జాస్ట్‌లోకి దూర్చిన సెన్సర్, అంటే ప్రోబ్, రెండంగుళాలు అటూ ఇటూ అయినా, రోజూ ఒకేచోట ఉంటే సరిపోయేది.

అదే ఇంజన్‌కు టర్బో తగిలించగానే ప్రశ్న మారింది. ఇప్పుడు కాపాడవలసింది టర్బైన్ చక్రాన్ని. దానికి 1,650 అనో 1,750 ఫారన్‌హీట్ అనో, అంటే దాదాపు 900, 955 సెల్సియస్ డిగ్రీల హద్దు గీశారు. దాంతో ప్రోబ్ టర్బైన్ ముఖద్వారానికి చేరింది. కార్ల కంప్యూటర్లు దీన్ని నేర్పలేదు. పైగా అక్కడి అంకె చాలాసార్లు విడి సిలిండర్ల అంకెలకన్నా ఎక్కువే వస్తుంది. ఒక్క సిలిండర్ దగ్గరి ప్రోబ్‌కు రెండు చుట్లకోసారే వేడి వాయువు తగులుతుంది, మధ్యలో అది కాస్త చల్లారుతుంది. సిలిండర్లన్నీ కలిసేచోట ఆ విరామం ఉండదు. మీటరు చూపేది వాయువు అసలు వేడిని కాదు, ప్రోబ్ మొన చేరుకున్న సగటును. ఇంజన్‌కు దగ్గరైతే ఎక్కువ, దూరమైతే తక్కువ అనుకునేవారు ఇక్కడే తడబడతారు.

ఇక వివాదమంతా అమెరికన్ డీజిల్ లారీలది. టర్బోలు వ్యాపించిన దశాబ్దాల్లో డ్యాష్‌బోర్డు మీద పైరోమీటర్, అంటే ఎగ్జాస్ట్ వేడి మీటరు, మామూలైంది, ప్రోబ్ మాత్రం చాలా లారీల్లో టర్బైన్ తర్వాతే ఉండేది. దీన్ని అజ్ఞానం అనడం అన్యాయం. ఎర్రగా కాలే వాయువులో, నిరంతర కుదుపులో ఉన్న ప్రోబ్ మొన విరిగితే అది నేరుగా నిమిషానికి పదుల వేల చుట్లు తిరిగే చక్రం రెక్కల్లోకి పోతుంది. టర్బైన్ దాటాక విరిగితే సైలెన్సర్‌లోకి పోతుంది. మానిఫోల్డ్‌కు రంధ్రం వేసేటప్పుడు రాలే ఇనుపరజనుదీ అదే ప్రమాదం. ఇన్‌కొనెల్ తొడుగుల ప్రోబ్‌లు వచ్చాక విరుగుతుందన్న భయం తగ్గింది గానీ, ఆ మెకానిక్కుల కాలానికి ఆ జాగ్రత్త సబబే.

వాళ్ల లోపం మరోచోట ఉంది. తర్వాత కొలిచిన అంకెకు 300 ఫారన్‌హీట్ డిగ్రీలు కలుపుకుంటే ముందున్న వేడి తెలుస్తుందన్న సూత్రం నమ్మారు. టర్బైన్‌లో వేడి ఎంత పడిపోతుందన్నది అక్కడ పీడనం ఎంత పడిపోతుందన్న దాని మీద ఆధారపడుతుంది. 700 సెల్సియస్ దగ్గర లోపలికెళ్లిన వాయువు పీడనం మూడోవంతుకు తగ్గిందనుకుందాం. టర్బైన్ దక్షత 65 శాతమైతే వేడి సుమారు 150 సెల్సియస్ డిగ్రీలు తగ్గుతుంది, అంటే 270 ఫారన్‌హీట్. సూత్రానికి దగ్గరే. పీడనం సగానికే తగ్గితే ఆ తేడా 100 సెల్సియస్ డిగ్రీలు. ఐడ్లింగ్‌లో పది పదిహేను కూడా కష్టమే. నిండు బరువుతో పరుగెత్తే లారీకి పనికొచ్చిన సూత్రాన్ని అన్ని వేళలకూ అంటగట్టారు.

అంతకన్నా పెద్ద చిక్కు ఆలస్యం. ఘాట్ ఎక్కుతూ యాక్సిలరేటర్ తొక్కగానే మానిఫోల్డ్‌లో వేడి క్షణాల్లో లేస్తుంది. టర్బో పోత ఇనుప పెట్టె అందులో కొంత తాగేస్తుంది కాబట్టి వెనకున్న మీటరు నింపాదిగా కదులుతుంది. పిస్టన్‌కు ప్రమాదం ఆ వ్యవధిలోనే. దిగేటప్పుడు ఇది తిరగబడుతుంది: ఇంధనం ఆగగానే ముందున్న అంకె కూలిపోతుంది, కాలిన పెట్టె మాత్రం వెనక మీటరును పైనే నిలబెడుతుంది. బండి ఆపేముందు టర్బో చల్లబడిందా, బేరింగ్‌లో నూనె మాడదు కదా అని తెలుసుకోవడానికి ఈ వెనక చోటే మేలు. పిస్టన్ కోసమైతే ముందు, ఆపే వేళ కోసమైతే వెనక. రెండు వర్గాలూ వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతూ ఒకే ప్రశ్న మీద పోట్లాడుకున్నాయి.

నేటి డీజిల్ బళ్లు ఆ పోట్లాటను మరో దారి పట్టించాయి. 2020 ఏప్రిల్ 1న మన దేశం బీఎస్-4 నుంచి నేరుగా బీఎస్-6కు దూకింది. మసిని పట్టే ఫిల్టర్, దాన్ని 600 డిగ్రీల ప్రాంతంలో కాల్చి శుభ్రం చేసే పద్ధతి మన రోడ్ల మీదకీ విస్తరించాయి. ఆ ఫిల్టర్ కోసం సెన్సర్లు మళ్లీ టర్బైన్ వెనక్కి చేరాయి. కాపాడేది మారితే చోటు మారుతుందనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు.

ఈ దశను పూర్తి ప్రగతిగా ఒప్పుకోలేను. సెన్సర్లు పెరిగాయి, కానీ చాలా బళ్లలో ఒక్క అంకె కూడా డ్రైవర్ కంటికి కనబడదు. హద్దు దాటితే కంప్యూటరే శక్తి తగ్గిస్తుంది, ఎందుకు తగ్గించిందో చెప్పదు. నిండు లోడుతో ఘాట్ ఎక్కే మనిషికి ఆ అంకె తెలియాలి. విడిగా కొని తగిలించుకునే మీటర్లదీ మరో లోపం. రెండుగా విభజించిన టర్బో ద్వారంలో ఒక గదికి మూడు సిలిండర్లు, రెండో గదికి మూడు. ఆరు సిలిండర్ల కమిన్స్ 5.9 లీటర్ల టర్బో డీజిల్ అలాంటిదే. ఒక్క ప్రోబ్ పెడితే సగం ఇంజన్ మాటే తెలుస్తుంది. రెండో సగంలో ఇంజెక్టర్ ఎక్కువ డీజిల్ చిమ్ముతున్నా మీటరు ముల్లు మామూలు చోటే ఉంటుంది.