నీళ్లు కాపాడిన నేల: హిమాయత్ సాగర్ చుట్టూ కుటుంబ విహారాల చరిత్ర

వానలు బాగా పడిన ఏడు హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తారన్న వార్త వస్తే చాలు, పిల్లాపాపలతో హైదరాబాద్ నగరం ఆ చెరువు కట్ట దారి పడుతుంది. వానలు లేని రోజుల్లోనూ ఆదివారమైతే జనం అటే మళ్లుతారు. గండిపేట, చిలుకూరు, శంషాబాద్ చుట్టుపక్కల ఎక్కడ కాస్త చెట్టునీడ, కనుచూపు మేర నీళ్లు ఉంటే అక్కడ చాప పరుస్తారు. ఇంత పెద్ద నగరం అంచున ఇంకా ఇంత ఖాళీ నేల ఎలా మిగిలింది? నవాబుల తోటల పుణ్యమని కొందరంటారు, ప్రభుత్వ పార్కుల చలవని మరికొందరు. చరిత్ర తిరగేస్తే ఆ రెండూ సగం నిజాలేనని తేలుతుంది. ఇక్కడి విహారస్థలాల్లో విహారం కోసమే పుట్టినవి తక్కువ. ఒకటి వేట కోసం, మరొకటి తాగునీటి కోసం, ఇంకొకటి జింకల కోసం కట్టడి చేసిన నేల. ఆ కట్టడి నిలిచినన్నాళ్లే మన ఆటవిడుపూ నిలుస్తుంది.

కుటుంబమంతా ఊరి బయటికి వెళ్లి ఒక పూట గడిపే అలవాటు మనకు ఏ నవాబూ నేర్పలేదు. కార్తీక మాసంలో వనభోజనాలకు బయలుదేరే ఆచారం రాచతోటల మీద ఆధారపడినది కాదు. దానికి కావలసింది ఊరుమ్మడి తోపు, దగ్గర్లో చెరువు, ఒక ఉసిరి చెట్టు. ముందు చెట్టుకు పూజ, తర్వాతే విస్తరి. చెరువు కట్ట మీద కట్టమైసమ్మను నిలిపి మొక్కడంలోనూ ఇదే వరుస ఉంది: ముందు నీటిని కాచే తల్లి, ఆ తర్వాతే పంటా పండుగా. గోల్కొండ సుల్తానుల తోటల తీరు వేరు. 17వ శతాబ్దంలో ఫ్రెంచి యాత్రికుడు థెవనో ఇక్కడి తోటలను మెచ్చుకుంటూ రాశాడు. గండిపేట దారిలో ఇబ్రహీం బాగ్ దగ్గర గుట్ట మీద పన్నెండు ద్వారాలతో నిలిచిన తారామతి బారాదరి ఆ కాలపు అభిరుచికి గుర్తు. ఆ గాలి, ఆ పాట, ఆ నీడ దర్బారువి. వాటిలో ఊరిజనానికి వాటా లేదు.

అసఫ్‌జాహీల కాలంలో ఆ తోటల గోడలు ఇంకా పెరిగాయి. నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్-బల్దా జిల్లా నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫెఖాస్ భూమి. దాని పక్కనే పాయెగా ప్రభువుల జాగీర్లు. ఆ వంశపు పెద్దలకు దక్కిన షంసుల్ ఉమ్రా బిరుదు శంషాబాద్ అన్న పేరులో ఈనాటికీ వినిపిస్తుంది. ఈ భూముల్లో దేవిడీలు, మామిడితోటలు, షికార్‌గాలు ఉండేవి. వనస్థలిపురం దగ్గరి అడవి అలాంటి వేటభూమే. వేటకని అడవిని అట్టే ఉంచారు, వేటకనే జనాన్ని దూరం పెట్టారు. కట్టెపుల్ల ఏరుకోవడానికి కూడా హక్కు లేని రైతుకు ఆ పచ్చదనం కానుకగా తోచి ఉండదు. అందుకే జాగీర్లను తలచుకుని నిట్టూర్చేవారితో నేను ఏకీభవించలేను. ఆ అడవి బతకడానికి కారణం ప్రభువుల ఔదార్యం కాదు, ఆ నేలను ముక్కలు చేసి అమ్మే అవసరం వాళ్లకు లేకపోవడం.

కథను మలుపు తిప్పింది ఒక విపత్తు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచింది, వేలమంది ప్రాణాలు తీసింది. మరుసటి ఏడు వచ్చిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య, నగరంలో గోడలు కట్టినంత మాత్రాన లాభం లేదని, పైనుంచి వచ్చే నీటిని పైనే ఆపాలని తేల్చారు. ఆ ఆలోచనే రెండు జలాశయాలైంది. మూసీ మీద గండిపేట దగ్గర ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. రెండోదానికి ఏడో నిజాం పెద్ద కుమారుడు హిమాయత్ అలీ ఖాన్ పేరు పెట్టారు. రెండు జలాశయాలూ దాటి వచ్చిన నీళ్లు లంగర్‌హౌజ్ దగ్గర బాపూఘాట్ వద్ద కలుస్తాయి. వరదను ఆపడం, దాహం తీర్చడం అన్న ఆ రెండు పనులకే ఈ కట్టలు పుట్టాయి. కానీ కట్ట ఉన్నచోట గాలి ఉంటుంది, నీళ్లున్నచోటికి పక్షులొస్తాయి, వాటి వెంటే మనుషులూ వస్తారు. ఉస్మాన్ సాగర్ ఒడ్డున నిజాం విడిదిగా సాగర్ మహల్ వెలిస్తే, కట్ట మీద మామూలు కుటుంబాలు టిఫిన్ గిన్నెలు విప్పుకున్నాయి. ఒకచోట దస్తర్‌ఖాన్ మీద బిర్యానీ, పక్కనే విస్తట్లో పులిహోర. తోటల చరిత్రలో కానరాని ఈ ఉమ్మడితనం కట్టల చరిత్రలో కనిపిస్తుంది. దానికి కారణం ఉంది. ఆ నీళ్లు నల్లాల్లోంచి అందరిళ్లకూ వచ్చేవి. గండిపేట నీళ్లు తాగినవాడు నగరాన్ని విడవలేడన్న మాట ఊరికే పుట్టలేదు. తాను తాగే చెరువును చూడబోయే మనిషి అక్కడ అతిథి కాడు, హక్కుదారు.

జాగీర్లు రద్దయిన 1949 ఈ చరిత్రలో రెండో మలుపు. విచిత్రంగా అదే ఏడాది ఇంగ్లండులో లాంగ్‌లీట్ ప్రభువులు తమ భవనాన్ని టికెట్టు పెట్టి జనానికి తెరిచారు. వారసత్వ పన్నుల భారం మోయలేని అక్కడి ఎస్టేట్లు ఒకదాని వెంట ఒకటి కుటుంబాల విహారస్థలాలయ్యాయి. యజమాని మిగిలాడు, గేటు తెరుచుకుంది. మన దగ్గర యజమాని తప్పుకున్నా గేటు దానంతటది తెరుచుకోలేదు. చాలా తోటలు కాలనీలైపోయాయి. వాటి పేర్లు బస్టాపుల బోర్డుల మీద మాత్రం మిగిలాయి. నిలిచినవేవో చూస్తే నా వాదన స్పష్టమవుతుంది. వనస్థలిపురం దగ్గరి నిజాం వేటభూమి 1975లో మహావీర్ హరిణ వనస్థలిగా కృష్ణజింకల ఆశ్రయమైంది. చిలుకూరు అడవి 1994లో మృగవని జాతీయ ఉద్యానమైంది. నిజాం వారసుడి చిరాన్ ప్యాలెస్ చుట్టూ ఉన్న అడవి 1998లో కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానమైంది. జింకకో నెమలికో చట్టం రక్షణ ఇచ్చినచోటే పిల్లలకు నడిచే దారి మిగిలింది.

హిమాయత్ సాగర్‌కు అలాంటి రక్షణ 1996 మార్చిలో 111వ నంబరు ఉత్తర్వు రూపంలో వచ్చింది. రెండు జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు, పెద్ద నివాస సముదాయాలు, హోటళ్లు వద్దన్నారు. వ్యవసాయంతో కలుపుకొని 90 శాతం నేలను సంరక్షణకు, విహారానికి ఉంచాలన్నారు. శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఒక నూనె కర్మాగారానికి ఇచ్చిన మినహాయింపు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తాగునీటికి ముప్పు లేదని నిరూపించాల్సిన భారం కట్టదలచినవాడిదేనన్న సూత్రాన్ని కోర్టు ఆ కేసులో నిలబెట్టింది. 2008లో శంషాబాద్‌లో సుమారు 5,500 ఎకరాల్లో విమానాశ్రయం వచ్చింది. వెంటే కట్టను ఆనుకుని ఔటర్ రింగు రోడ్డు వచ్చింది. నేల ధర ఆకాశాన్నంటినా చెరువు చుట్టూ పొలాలు కనబడ్డాయంటే ఆ ఉత్తర్వే కారణం. 2022 ఏప్రిల్‌లో 69వ నంబరు ఉత్తర్వు ఆ ఆంక్షలను తొలగిస్తున్నట్టు ప్రకటించింది.

ఆ ఆంక్షలు ఉండాలన్న మాటకు ఎదురయ్యే అభ్యంతరాలు బలమైనవే. మొదటిది రైతుది: నగరవాసి ఆదివారం గాలి పీల్చుకోవడానికి నా భూమి ధర ఎందుకు పడిపోవాలి? ఈ ప్రశ్నలో న్యాయం ఉంది. పాతికేళ్లపాటు 84 గ్రామాలు మోసిన బరువుకు నగరం పరిహారం చెల్లించలేదు. దానికి మందు పరిహారం ఇవ్వడమే. ఆంక్ష ఎత్తేస్తే లాభం భూమిని ఎప్పుడో కొనిపెట్టుకున్నవాళ్లకు పోతుంది, ఎకరం అమ్ముకున్న రైతుకు తిరిగి రాదు. రెండోది, కృష్ణా గోదావరి నీళ్లు వచ్చాక ఈ చెరువులతో పనేమిటన్నది. కృష్ణ నీళ్లను వంద కిలోమీటర్లకు పైగా కరెంటు ఖర్చుతో ఎత్తిపోయాలి, ఈసీ నీళ్లు పల్లానికి వాటంతటవే వస్తాయి. దాహం మాట పక్కన పెట్టినా వరద మాట ఉంది. 2020 అక్టోబరులో గేట్లు ఎత్తిన రోజున ఈ కట్ట ఎందుకు కట్టారో దిగువ బస్తీలకు గుర్తొచ్చింది. మూడోది అందరికీ నచ్చే మాట: కొత్వాల్‌గూడలో ఎకో పార్కు తలపెట్టారు, గండిపేట ఒడ్డున పార్కు వచ్చింది, ఇంకేం కావాలి? పార్కులు రావాలి, కాదనను. అయితే పరివాహక ప్రాంతమంతా కాంక్రీటై వాగులు మూసుకుపోతే ఆ పార్కు ఎదుట మిగిలేది మురుగు నిలిచిన గుంట. హుస్సేన్ సాగర్ చుట్టూ పూలమొక్కలకు కొదవ లేదు. ఆ నీళ్లు మాత్రం ఎవరూ దోసిట పట్టరు.

తోట గోడలు, షికార్‌గా కంచె, చెరువు కట్ట అన్న మూడు దశల్లో జనానిదిగా మారినది మూడోదే. అందుకే నీటిని కాచే నియమం ఇక్కడి విహారానికి పునాది. చెరువు నీళ్లు నిలిచే శిఖం భూమి హద్దురాళ్లు ముందు పాతాలి, టికెట్టు కిటికీ తర్వాత తెరవాలి. వాగుల దారి ముందు విడిపించాలి, బోటు షికారు తర్వాత పెట్టాలి. పల్లెలకు చెల్లించాల్సింది చెల్లించి ఆ నేలను పొలంగా, బీడుగా, తోపుగా మిగల్చాలి. ఇది కొత్త సిద్ధాంతం కాదు. ముందు ఉసిరి చెట్టుకు పసుపు కుంకుమ, తర్వాతే విస్తరి అన్న వనభోజనాల వరుసే.